తొమ్మిదో నంబరు తెల్ల బూట్లు

మా నర్సింగ్ కాలేజీలో మమ్మల్ని మొదటిసారి వార్డులకు పంపే ముందు పెట్టిన పరీక్ష గుండె గురించి కాదు, ఊపిరితిత్తుల గురించి కాదు. బూట్ల గురించి.

మాకు పాఠాలు చెప్పే మేడమ్ అందరినీ వరండాలో వరసగా నిలబెట్టి, తను గోడవైపు తిరిగి నిలబడింది. ఒక్కొక్కరమే ఆమె వెనకనుంచి నడిచిపోవాలి. అడుగుల చప్పుడు ఆమెకు వినబడితే ఫెయిల్. "నొప్పితో ఉన్న మనిషికి కన్నంటుకోవడమే కష్టం. మీ కాళ్ల చప్పుడుకి లేచాడంటే ఆ నొప్పి మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది" అంది మరాఠీలో, గోడకి చెబుతున్నట్టే.

ఆ తర్వాత నియమాలు చెప్పింది. బూట్లు తెల్లగా ఉండాలి. ముందు మూసి ఉండాలి. జాలీ గుడ్డ పనికిరాదు, సూది జారిపడితే ఆపదు, రక్తం పడితే పీల్చుకుంటుంది. తడినేల మీద జారకూడదు. గుడ్డతో తుడిస్తే మరక పోవాలి. మడమ ఎత్తుగా ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కరవకూడదు. "బూటు కరిచిన నర్సు రోగిని చూడదు, గడియారాన్ని చూస్తుంది."

"మేడమ్, ఇన్ని మంచి గుణాలున్నది దొరికితే పెళ్లే చేసుకుంటాను" అన్నాను.

క్లాసంతా నవ్వింది. మేడమ్ గోడవైపునుంచి తిరగకుండానే, "ముందు దొరకనివ్వు" అంది.

ఆమెకి నా పాదాల సంగతి అప్పటికే తెలిసినట్టుంది.

నా పాదం మగవాళ్ల తొమ్మిదో నంబరు. అచ్చంగా మా బాపుది. ముక్కు అమ్మది, రంగు ఎవరిదో తెలియదు, పాదాలు మాత్రం బాపు నాకు ఉన్నవున్నట్టు దించేశాడు. చిన్నప్పుడు వాననీళ్లలో ఆయన చెప్పులేసుకుని బడికి పోయేదాన్ని. మిగతా పిల్లలు తండ్రి చెప్పుల్లో కాళ్లు పెట్టి ఆడుకునే వయసు దాటకముందే అవి నాకు సరిపోయాయి.

మాది బొగ్గు గని కాలనీ. తాత తెలంగాణ నుంచి చంద్రపూర్‌కి బాయి పనికి వచ్చాడు. గనిని మేం బాయే అంటాం. ఆయన తర్వాత బాపు అందులోకే దిగాడు. నా చదువంతా మరాఠీలో. తెలుగు అక్షరాలు బాపే క్వార్టర్ వెనకగోడ మీద బొగ్గుముక్కతో రాసి నేర్పాడు. అమ్మ ఆ గోడకి సున్నం వేసినప్పుడల్లా నాకు సెలవు. నా అక్షరాలు ఇంకా గోడమీద రాసినట్టే ఉంటాయి గానీ, ఈ సంగతి మాత్రం ఆ అక్షరాల్లోనే రాయాలనిపించింది.

బూట్ల కోసం బాపూ నేనూ గోల్‌బజార్‌కి పోయాం. నాలుగు దుకాణాల్లో నా పాదం చూసి తల అడ్డంగా ఊపారు. ఐదో దుకాణంవాడు కాస్త మర్యాదస్తుడు, మరాఠీలో అక్కా అని పిలిచాడు. "తాయీ, ఆడవాళ్ల బూట్లలో ఇంత సైజు తయారు చేసే ధైర్యం ఇంకా ఎవరూ చేయలేదు" అన్నాడు. అని, నిచ్చెనేసుకుని అటకెక్కి దుమ్ముపట్టిన డబ్బా ఒకటి దించాడు. అందులో తెల్ల బూట్లు. మూసినవి, నున్నటివి, మడమ ఎత్తులేనివి. మేడమ్ చెప్పిన గుణాలన్నీ కనబడుతున్నాయి.

"ఇవి ఎవరేసుకుంటారు?" అని అడిగాను.

"పెళ్లిళ్లలో బ్యాండు వాయించేవాళ్లు."

బాపు బూటుని తిప్పి చూసి, అడుగుని వేలితో మీటి, "ఏముందే బిడ్డా. ఆళ్లు లోకాన్ని లేపుతరు, నువ్వు పండవెడ్తవు. బూటుకేం తెలుస్తది?" అన్నాడు.

తీసుకున్నాం. వేరే దారి లేదు.

వాటిని చేసింది తోలుతో కాదు, తోలులాంటి దేనితోనో. కొత్త బాల్చీ ఎంత గట్టిగా ఉంటుందో అంత గట్టిగా ఉన్నాయి. లోపల ముందుభాగంలో, చిటికెన వేలి దగ్గర, లావుపాటి కుట్టు ఒకటి అడ్డంగా పోయింది. మొదటిరోజు వార్డులో అడుగుపెట్టగానే మా బ్యాచ్ పిల్లలు "లగ్న కధీ?" అని మొదలుపెట్టారు. పెళ్లెప్పుడు, ఊరేగింపు ఎటునుంచి అని. "బాజా మీరు తెచ్చుకోండి, బూట్లు నేను తెచ్చాను" అన్నాను. మధ్యాహ్నానికి రెండు మడమలూ, కుడి చిటికెన వేలూ బొబ్బలెక్కాయి. మంచాల మధ్య నేను నడిచే తీరు చూసి ఓ ముసలి రోగి తన పక్కనున్న బిస్కట్ నాకిచ్చింది.

మేడమ్ చూడనే చూసింది. "సోమవారానికి వేరేవి తెచ్చుకో, లేదా వీటిని మెత్తబరుచుకో. కుంటుకుంటూ నా వార్డులోకి రాకు" అంది. అప్పటిదాకా క్లాసులే, సోమవారం నుంచి మాకు ఆపరేషన్ల వార్డు. హాజరు తగ్గితే ఆ పోస్టింగ్ మొత్తం మళ్లీ చేయాలి.

ఇంటికొచ్చి చాపమీద కూర్చుని బొబ్బలు చూసుకుంటుంటే బాపు షిఫ్టు దిగి వచ్చాడు. బూటు చేతిలోకి తీసుకుని, వంచబోయి, అది వంగకపోతే సంతోషపడ్డాడు. గట్టి ప్రత్యర్థి దొరికినట్టు.

"ఇంత దానికి ఏడుస్తున్నవా? నాకియ్యి. మూడొద్దులల్ల పూరీ లెక్క చేసిస్త."

ఈ మాట అర్థం కావాలంటే బాయిలో ఉన్న ఒక అలవాటు తెలియాలి. కంపెనీ కొత్త బూట్లు ఇచ్చినప్పుడు కొత్తగా చేరిన పిల్లలకి అవి కరుస్తాయి. అప్పుడు వాళ్లు తమ నంబరే ఉన్న పాతమనిషి ఎవరైనా ఉంటే వెతికి ఆయనకిస్తారు. గట్టిపడ్డ పాదాలున్న ఆ మనిషి నాలుగు రోజులు వాటిని తొడుక్కుని తిరిగి, మెత్తబరిచి ఇస్తాడు. బదులుగా ఇంత తంబాకు. తొమ్మిదో నంబరుకి మా బాపు పేరుమోసినవాడు. ఎంతటి బూటైనా ఆయన్ని ఒక్కమాట అనదు. "మీ బాపుయి కాళ్లు గావు, అచ్చులు" అనేవాళ్లు ఆయనతో బాయిలోకి దిగే జోడీవాళ్లు. బాపు ఆ మాటకి మీసం కింద నవ్వేవాడు. తనకి నొప్పి తెలియదని ఆయనకి గర్వం. గత రెండు మూడేళ్లుగా అసలే తెలియడం లేదని ఇంకా గర్వం.

ఆ రెండు మూడేళ్లుగానే ఆయనకి షుగర్ ఉంది. మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు. గుర్తుచేస్తే, "తియ్యటి మనిషిని, ఏంజేస్తం" అనేవాడు. నా హాస్యం ఎక్కడిదో ఇప్పుడు తెలిసిందిగా.

ఇప్పుడు నా సంగతి. దానికి ముందు నెల పరీక్షలో షుగర్ రోగుల పాదసంరక్షణ మీద ప్రశ్న వచ్చింది. నేను రాసిన జవాబు నాకు కంఠతా వచ్చు. పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. గాయమైనా తెలియదు. తొడిగే ముందు బూటులో చెయ్యి పెట్టి చూసుకోవాలి. కొత్త బూట్లు మొదట రోజుకి ఒక గంటకి మించి వేసుకోకూడదు. విప్పాక పాదాన్ని ముందూ వెనకా చూడాలి. బొమ్మ కూడా గీశాను. పూర్తి మార్కులు వచ్చాయి.

ఆ జవాబు రాసిన చేత్తోనే బూట్లు బాపుకిచ్చాను. షుగర్ రోగి అంటే నా మనసులో మంచం మీద ఉండే మనిషి. మెడలో కార్డు, కాళ్లదగ్గర చార్టు. లుంగీ కట్టుకుని టీ ఊదుకుంటున్న మనిషి కాదు.

మూడురోజులు కాలనీకి పండగ. బాయిలోకి దిగేటప్పుడు కంపెనీ బూట్లే. పైకి రాగానే బాపు తెల్ల బూట్లు తొడిగేవాడు. కూరగాయలకి తెల్ల బూట్లు, పాలకి తెల్ల బూట్లు, లుంగీ కింద తెల్ల బూట్లు.

"ఏందయ్యా గా యేషం? లగ్గానికి పోతున్నవా?" అని అమ్మ.

"నర్సు నౌకరొచ్చింది నాకు. సూది ఇయ్యాల్నా?"

"నువ్వు ఇచ్చే సూది నాకేం వద్దు. గా బూట్లు ఇడిసి లోపటికి రా."

విడిచేవాడు కాదు. సాయంత్రం వాటిని గుడ్డతో తుడిచేవాడు. మా ఊరి గాలిలో తెల్లటిది పూటకి మించి తెల్లగా ఉండదు. రెండోరోజు సాయంత్రం మాత్రం బయటే కాకుండా లోపల కూడా సబ్బునీళ్లతో కడిగి గాలికి పెట్టాడు. "లోపట ఎందుకు బాపూ?" అంటే, "నా చెమట వాసనకు నీ పేషంట్లు సస్తరు" అన్నాడు. నేను నవ్వాను. ఎండిన వెంటనే మళ్లీ తొడిగాడు. ఇంకో రోజు మిగిలి ఉంది మరి.

సోమవారం బూట్లు పూరీలే. మేడమ్ నన్ను వరండాలో నడిపించి, తను గోడవైపు తిరిగింది. ఏమీ వినబడలేదు. "వెళ్లు" అంది.

ఆ సాయంత్రం విప్పితే కుడి మేజోడు మీద చిటికెన వేలి దగ్గర గోధుమరంగు మరక. నా వేలు చూసుకున్నాను. బాగానే ఉంది, బొబ్బ ఎండిపోయింది. నా పాత బొబ్బదే అనుకుని మేజోడు బకెట్లో పడేశాను. చూడాల్సిన పాదం ఇంకొకటి ఉందని తట్టలేదు.

పదిరోజుల తర్వాత ఇంట్లో వాసన మొదలైంది. అమ్మ మంచం కింద ఊడ్చింది, డ్రమ్ము జరిపింది. నేను బాపు కంపెనీ బూట్లు గుమ్మం బయట పెట్టి, "బాపూ, నీ బూటుల ఎలుక సచ్చినట్టుంది, దినం ఎప్పుడు పెడ్తున్నవు?" అన్నాను. బాపు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కుడికాలు లుంగీలోకి లాక్కున్నాడు.

ఆ కదలిక నేను వార్డులో చూశాను. రోగులు చూపించదలుచుకోని కాలుని అలాగే లాక్కుంటారు.

లుంగీ అంచు నేనే పైకి లాగాను. చిటికెన వేలు నల్లగా ఉంది. పక్కవేలు సగం. వాటి కింద అరికాలి అంచున నా బొటనవేలు దూరేంత గుంట. పాదం పైన ఎరుపు చీలమండవైపు పాకుతోంది.

"ఎన్నొద్దులాయె?" అన్నాను.

"నొప్పి లేదు గదనే."

"ఎన్నొద్దులాయె బాపూ?"

"రెండో దినమే జర నెత్తురొచ్చింది. కడిగిన గద."

అమ్మ చేతిలో చీపురుతోనే వచ్చి చూసింది. ఎవరైనా ఏడవాల్సిన చోటు అది. బాపు మాత్రం, "గంత గనం ఏంలేదు తియ్యి, ఐదుల ఒక్కటే గద" అన్నాడు. లెక్క కూడా తప్పే. అప్పటికే రెండు.

పెద్దాసుపత్రిలో ఆయనకి మంచం దొరికింది మా బ్యాచ్ డ్యూటీ చేస్తున్న ఆపరేషన్ల వార్డులోనే. డాక్టర్ ఆయన్ని కళ్లు మూసుకోమని, పాదానికి సన్నటి నైలాన్ దారం ఆనిస్తూ పోయాడు. తగిలినప్పుడల్లా 'ఊఁ' అనాలి. వేళ్లకి ఆనించాడు, మడమకి ఆనించాడు, మధ్యలో ఆనించాడు. దారం వంగేదాకా నొక్కాడు. ఎడమకాలు అయిపోయింది, కుడికాలు అయిపోయింది. బాపు కళ్లు గట్టిగా మూసుకుని, పరీక్ష బాగా రాయాలనుకునే పిల్లాడిలా కాచుకుని ఉన్నాడు. కాసేపయ్యాక నావైపు తలతిప్పి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏందే బిడ్డా, ఇంకెప్పుడు షురూ చేస్తడు?"

డాక్టర్‌కి తెలుగు రాదు. ఏమన్నాడని నన్ను అడిగాడు. చెప్పాను.

డాక్టర్ దారం జేబులో పెట్టుకుని పెన్ను తీశాడు. పాదం మీద ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ చుట్టూ గీత గీశాడు. వేళ్లు రెండూ ఎలాగూ తీసేయాలి. తీశాక ఎరుపు ఈ గీత లోపలే ఆగితే పాదం మిగులుతుంది. గీత దాటి పైకి పాకితే మోకాలి కింద కోయాలి. ఇంత సూటిగా చెప్పినందుకు ఆయనమీద కోపం రాలేదు. నేను కూడా రోగుల ఇంటివాళ్లకి ఇలాగే చెప్పాలని మాకు పాఠంలో ఉంది.

కేస్ హిస్టరీ రాయడం విద్యార్థుల పని. నా బ్యాచ్ అమ్మాయి ఒకతె కాగితాలతో వచ్చి, గాయం ఎలా మొదలైందని బాపుని అడిగింది.

"బాయిల. కంపెనీ బూటు కొరికింది" అన్నాడు బాపు వెంటనే, మరాఠీలో, నావైపు చూడకుండా. ఆమె రాసుకుంది.

నేను వెనకే నిలబడి ఉన్నాను. ఆ తెల్ల బూట్లతోనే. వేరేవి ఎక్కడున్నాయి?

ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని ఆ వాక్యం కొట్టేశాను. 'కొత్త బూట్లు. మూడు రోజులు. కూతురివి' అని రాశాను.

"ఎందుకే?" అన్నాడు బాపు. "ఎట్లయితేంది, పుండు పుండే గద?"

"బాపూ, రాసేది మందుకోసం."

"నీకు చదువొచ్చి నా పానం మీదికొచ్చింది" అని అటు తిరిగి పడుకున్నాడు. నిజానికి చదువు రావాల్సినప్పుడు రాకే అలా అయింది.

మేడమ్ సాయంత్రం కాగితాలు చూసుకుంటూ ఆ కొట్టివేత దగ్గర ఆగింది. కాగితం చూసింది, నా కాళ్లు చూసింది. "కుడిది విప్పు" అంది. విప్పాను. ఆమె అందులో చెయ్యి పెట్టి, మాకు నేర్పినట్టే, అంచునుంచి అంచుకి వేళ్లతో తడిమింది. లోపలి ఆ లావు కుట్టు ఇప్పుడు లేదు. అరిగి నున్నగా అణిగిపోయింది. దేన్ని రాసుకుని అణిగిందో ఇద్దరికీ తెలుసు.

"ఆ ప్రశ్నకి నీకు పూర్తి మార్కులు వేసింది నేనే" అంది.

బూటు నా చేతికిచ్చి వెళ్లిపోయింది. అడుగుల చప్పుడు లేకుండా.

మర్నాడు వేళ్లు తీశారు. నాలుగు రోజులు నా పని ఆ గీత చూడటమే. డ్యూటీ ఎక్కగానే ముందు గీత. ఉష్ణోగ్రత తర్వాత, నాడి తర్వాత. రెండోరోజు పొద్దున ఎరుపు గీతని తాకింది. ఒకచోట గీత అవతల అన్నం మెతుకంత మేర ఎర్రగా ఉంది. అది ఎరుపో, రాత్రి కట్టు ఒత్తిడో తేలలేదు. డాక్టర్ వచ్చేదాకా బాపు తలదగ్గర కూర్చున్నాను.

"ఏమంటున్నది నీ సరిహద్దు?" అన్నాడు బాపు. జివతి కొండల్లో మా చుట్టాల ఊరుంది. రెండు రాష్ట్రాలూ అది తమదంటాయి. ఆయన మనసులో ఉన్నది అదే.

"లొల్లి నడుస్తుంది."

"ఎవలు గెలుస్తున్నరు?"

"తెలుస్తలేదు."

"ఇగో," అన్నాడు, "నీ బూట్లు కరుస్తున్నయా?"

"లేదు."

"అసలు కరుస్తలెవ్వా?"

"అసలుకే."

"చెప్పిన గద" అని కళ్లు మూసుకున్నాడు. ఆ మొహంలో తృప్తి చూడటంకంటే గీత చూడటమే నయమనిపించింది.

డాక్టర్ వచ్చి మళ్లీ పుండు విప్పి, చచ్చిన కండ ఇంకాస్త కోశాడు. మూడోవేలు కూడా పోయింది, దానితోపాటు పాదం ముందుభాగం కొంత. ఎరుపు నాలుగోరోజుకి గీత లోపలికి దిగింది. కాలు మిగిలింది. వార్డులో మిఠాయి పంచాల్సిన సందర్భమే, పంచాల్సింది షుగర్ రోగి గనక మానుకున్నాం.

ఆ తర్వాత బాపు బాయిలోకి దిగలేదు. పైన, టోపీ దీపాలిచ్చే గదిలో కూర్చునే పని. కిందికి పోయేవాళ్లకి దీపం ఇస్తాడు, వచ్చాక తీసుకుంటాడు. కొత్త బూట్లు కరుస్తున్నాయని ఇప్పుడు ఎవరూ ఆయన దగ్గరికి రారు. ఆయనే కిటికీలోంచి వాళ్ల కాళ్లు చూస్తూ, "ఓ పోరగా, లోపట చెయ్యి పెట్టి చూసినవా?" అని అరుస్తాడట. ఆయన జోడీవాళ్లు చెప్పారు. నాకైతే ఎప్పుడూ చెప్పలేదు.

తెల్ల బూట్లు నేను ఇంకా వేసుకుంటున్నాను. ఆ నంబరులో వేరేవి దొరకలేదు. దొరికేంతగా వెతకలేదు కూడా. మొదటి సంవత్సరం పిల్లలు వచ్చి, "తాయీ, ఇంత మెత్తగా ఎలా చేశావు?" అని అడుగుతారు. "బ్యాండు వాయించండి" అంటాను. ఆ తర్వాత వాళ్ల బూట్లు ఒక్కొక్కటే తీసుకుని లోపల చెయ్యి పెట్టి తడుముతాను. వాళ్లు దీన్ని కూడా జోకే అనుకుంటారు.

పుండు పూర్తిగా మానాక, పాదాల కొలత తీసుకుని చెప్పులు చేసేవాడి దగ్గర బాపుకి కొత్త జత చేయించాం. అడుగున మెత్తటి రబ్బరు, ముందు వేళ్లమీద మూత, వెనక పట్టీ. ఇంటికి తెచ్చి విప్పగానే బాపు వాటిని అటూ ఇటూ తిప్పి, వంచి చూసి, నా ముందుకి తోశాడు.

"మూడొద్దులు తొడుక్కోని మెత్తగ చేసియ్యే. గిప్పుడు నీ వంతు."

అమ్మ ఆయన్ని కొట్టినంత పని చేసింది. నేను రెండింటిలోనూ చెయ్యి పెట్టి చూశాను. ఎక్కడా కుట్టు తగల్లేదు. కాళ్లు పెట్టబోయాను. ఎడమది సరిగ్గా పట్టింది. కుడిది పట్టలేదు. నా వేళ్లు ముందుకి పోవడానికి అందులో చోటు లేదు. ఎంత ముడిచినా పోలేదు.

బాపు చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. ఇంట్లో మా ఇద్దరి నంబరు వేరవడం అదే మొదటిసారి.

"గదంతే తియ్యి" అన్నాడు బాపు. కుడి చెప్పు తన దగ్గరికి లాక్కున్నాడు.

ఎడమది మాత్రం మూడురోజులు తొడుక్కుని తిరిగి, మెత్తబరిచి ఇచ్చాను.